కొండ దిగితే పెరిగిన డీజిల్

2023 ఎండాకాలం. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీదున్న ఒక కార్ల వర్క్‌షాపులో నేను సర్వీస్ అడ్వైజర్‌ని. అంటే బండి లోపలికి రాగానే ఎదురెళ్లి, దాని రోగమేమిటో ఓనరు నోట విని, జాబ్ కార్డు రాసి మెకానిక్కుకు అప్పగించే మనిషిని. వచ్చినవాళ్లలో సగం మంది నన్ను చూసి "ఎవరూ లేరామ్మా?" అని అడుగుతారు. నేను ఎదురుగా నిలబడి ఉండగానే! ఒళ్లు మండుతుంది కానీ నవ్వుతూ తాళాలు తీసుకుంటాను.

ఆ రోజు మునిరత్నం వచ్చాడు. యాత్రికులకు కార్లు తిప్పే ట్రావెల్స్ ఆయనది, మాకు పాత కస్టమరు. వెంట డ్రైవరు మస్తాన్ ఉన్నాడు. ఎప్పుడొచ్చినా వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరినీ పేరుపేరునా పలకరించే మస్తాన్, ఆ రోజు కారు పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు.

"ట్యాంకులో పైపు పెట్టి డీజిల్ లాగిన గుర్తులు ఉండాయేమో సూడమ్మా. ఉంటే కాయితం మీద రాసియ్యి," అన్నాడు మునిరత్నం.

"ఏమన్నా లీకు అవుతాందా అన్నా?"

"లీకు బండిలో లేదు. మనిషిలో ఉండాది."

మస్తాన్ తలెత్తాడు. "కార్ల స్టాండులో డ్రైవర్లందరి ముందర దొంగ అనేసినావు. ఈడ గూడా అంటావా అన్నా? నీ దగ్గర చేరినప్పటి నుంచి ఒక్క చుక్క ముట్టుకున్న పాపాన పోలేదు."

నేను జాబ్ కార్డు పక్కన పెట్టి, అసలేం జరిగిందని అడిగాను.

సంగతేమిటో మునిరత్నమే చెప్పాడు. ఆ కారుకు ఇద్దరు డ్రైవర్లు. గురవయ్య అనే ఆయన సాయంత్రం మస్తాన్ దగ్గర బండి తీసుకుని కొండెక్కి, పొద్దున్నే తిరుమల నుంచి యాత్రికులను దించుకొచ్చి, కొండ కింద అలిపిరిలో బండిని మళ్లీ మస్తాన్‌కు అప్పగిస్తాడు. అక్కణ్నుంచి విమానాశ్రయం, శ్రీకాళహస్తి, కాణిపాకం లాంటి కింది తిరుగుడంతా మస్తాన్‌ది. బండి చేతులు మారిన ప్రతిసారీ మీటరుకు ఫొటో తీసి ఓనరుకు పంపాలి. అందులో 'రేంజ్' అని ఒక అంకె ఉంటుంది. మిగిలిన డీజిల్‌తో ఇంకెన్ని కిలోమీటర్లు పోవచ్చో చెప్పే అంచనా అది. మునిరత్నం దాన్నే ట్యాంకు కొలత అనుకున్నాడు.

"ఐదు వందలు సూపిస్తా ఉన్నప్పుడు బండి తీసుకుంటాడు. వంద తిరిగితే నాలుగు వందలుండల్ల గదా? మూడు వందలు గూడా ఉండదు. గురవయ్య చేతిలో ఎప్పుడన్నా తగ్గిందా? ఒక్కోసారి ఎక్కువే ఉంటాది."

ఆ ఆఖరి మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. డీజిల్ పోయకుండానే ఎక్కువ ఉంటుందా?

ముందు బండిని లిఫ్టు ఎక్కించాం. ట్యాంకు, పైపులు, మూత, లోపలి ఫ్లోటు అన్నీ చూశాం. ఫ్లోటంటే డీజిల్ మీద తేలుతూ మట్టాన్ని చెప్పే బెండు లాంటిది. ఎక్కడా తప్పు లేదు. ఆ మాటే చెబితే మునిరత్నం పెదవి విరిచాడు. గుర్తు దొరక్కుండా లాగే ఉపాయాలు డ్రైవర్లకు తెలియవా అన్నాడు. రేపట్నుంచి మస్తాన్ రావద్దన్నాడు. తిరుపతిలో ట్రావెల్స్ వాళ్లందరిదీ ఒకే వాట్సాప్ గ్రూపు. డీజిల్ దొంగ అని అందులో ఒక్కసారి పడిందంటే ఇక ఆ మనిషికి స్టీరింగ్ ఇచ్చేవాడు ఉండడు. ఆ అంకె ఉత్త అంచనా అని నేను ఎంత చెప్పినా, కంపెనీవాడు పెట్టిన లెక్క తప్పుతుందా అని ఆయన నన్నే ఎదురడిగాడు.

ఇక మాటలతో లాభం లేదనిపించింది. "అయితే కొండెక్కి వద్దాం రాన్నా," అన్నాను. కొండకు రమ్మంటే కాదనే మనిషి తిరుపతిలో ఉంటాడా? అక్కడే పట్టాను ఆయన్ను.

ట్యాంకు మూత మీద సీలు అంటించి, దాని మీద ఆయన చేతే సంతకం పెట్టించాను. స్టీరింగ్ కూడా ఆయనకే ఇచ్చాను, రేపు ఇంకొకరి మీదికి నెట్టే వీలు ఉండకూడదని. మస్తాన్‌ను అలిపిరిలో దించి ఘాట్ రోడ్డు ఎక్కాం. మలుపు మలుపుకూ ఇంజను రొప్పుతోంది, రేంజ్ పడిపోతోంది.

"ఏందమ్మా ఇది, పట్టుమని ఇరవై కిలోమీటర్లు రాలేదు, వంద తగ్గిపాయె! డీజిల్ యాడికి పోతా ఉండాది?"

"నేనూ అదే సూస్తా ఉండా. నువ్వేమన్నా లాగుతా ఉండావా అన్నా?"

ఆయన ముఖం కందగడ్డయింది.

పైన గోపురానికి దణ్ణం పెట్టుకుని, కాఫీ తాగి, తిరుగుముఖం పట్టాం. దిగేటప్పుడు గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తాం. అప్పుడు బండి బరువే చక్రాలను తిప్పుతుంది కనుక ఇంజను కంప్యూటరు డీజిల్ పంపడమే ఆపేస్తుంది. రేంజ్ ఎక్కడం మొదలైంది. అలిపిరికి వచ్చేసరికి పొద్దున మేము బయలుదేరినప్పటి అంకెను దాటిపోయింది. మునిరత్నం బండి ఆపి, దిగి వెనక్కి వెళ్లి సీలు తడిమి చూశాడు. ఆయన సంతకం చెక్కుచెదరలేదు.

"మరి డీజిల్ ఎవురు పోసినారమ్మా?"

"ఎవురూ పొయ్యలేదన్నా. ముందుండే దోవ ఈ బండికి తెలీదు. ఇప్పుడే వచ్చిన దోవను సూసి చెప్తాది. ఇంతసేపు దిగింది గదా, ఇంక ఊరంతా దిగుడే అనుకుంటాది. ఆ అంకెనే నువ్వు రోజూ మస్తానన్న చేతిలో పెడతా ఉండావు. ఆయనేమో ఎయిర్‌పోర్టు కాడ ఏసీ ఏసుకోని యాత్రికుల కోసరం కాసుకోనుండల్ల. చక్రం తిరగదు, డీజిల్ మాత్రం కాలతా ఉంటాది. నీకు లెక్క కావల్లంటే ట్యాంకు నిండా కొట్టించి తిప్పు. మళ్లీ అదే బంకులో నిండా కొట్టించు. ఎన్ని లీటర్లు పట్టిందో అదే నిజం."

మునిరత్నం అక్కడే కాచుకుని ఉన్న మస్తాన్ దగ్గరికి వెళ్లి తాళాలు చాపాడు. "సరేలేప్పా, అయిందేదో అయింది. రేపు డ్యూటీకి రా."

మస్తాన్ చేతులు కట్టుకునే ఉన్నాడు. "స్టాండులో అన్నావు గదన్నా. ఆడికే వచ్చి చెప్పు. అప్పుడు తీసుకుంటా."

మునిరత్నం సాయం కోసం నా వైపు చూశాడు. నేను వెనక డోరు తీసి కూర్చున్నాను. "పదన్నా, నేనూ వస్తా."

స్టాండులో టీ తాగుతున్న డ్రైవర్లందరి మధ్యా నిలబడి మునిరత్నం అన్నాడు, "మస్తాన్ డీజిల్ తియ్యలేదప్పా. మీటరు సూసి నేనే మోసపోయినా. తప్పు నాది." అంత పెద్ద మనిషి ఆ మాట గట్టిగానే అన్నాడు, అది ఒప్పుకోవాలి. మస్తాన్ తాళాలు అందుకుని, కారు అవతలి వైపుకు వెళ్లి, భుజం మీది తువ్వాలుతో ముఖం దాచుకుని ఏడ్చాడు. నా కళ్లు కూడా చెమర్చాయి.

రేంజ్ తప్పు చూపిస్తోందని ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. బండి ఏ దోవలో వచ్చిందని మొదట అడుగుతాను. తర్వాత, దీని మీద ఎవరినైనా ఏమైనా అన్నారా అని అడుగుతాను. అన్నామంటే, బండి ఇక్కడ వదిలి ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లి రమ్మంటాను.