వరసలో ఆగిపోయిన కాగితం

పాప గుక్కపెట్టి ఏడుస్తూ ఉండి, ఆ సంగతి నా దాకా రాకపోతే?

ఆఫీసులో ఉన్నంతసేపూ ఇదే భయం. పాపకు ఎనిమిది నెలలు. నేనూ మా ఆవిడా పనికి పోతే పక్కింటి వరదమ్మ చూసుకుంటుంది. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివినవాణ్ణి, అనవసరంగా భయపడుతున్నానని నాకూ తెలుసు. కానీ మునివెంకటప్పతో రెండేళ్ళు కలిసి పనిచేశాక ఆ తెలివి ఎందుకూ పనికిరావడం లేదు.

ఆయనది నగరి, మగ్గాలవాళ్ళ ఇల్లు. కొన్నేళ్ళు మగ్గం నేసి, కొన్నేళ్ళు చిత్తూరులో లెక్కలు చెప్పి, ముప్పై ఎనిమిదో ఏట మద్రాసు పోయి కంప్యూటరు కోర్సు చేసి వచ్చాడు. 1986లో తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబుకు కంప్యూటరు కొన్నారు. ప్రోగ్రాం రాయడానికి ఆయన్ను, సాయానికి నన్ను పెట్టుకున్నారు.

ఆ ప్రోగ్రాంలో మూడు పనులు ఒకేసారి నడిచేవి. మొదటిది ల్యాబులో టైపు చేసిన ఫలితాన్ని తీసుకుంటుంది. రెండోది దాన్ని తెర మీద డాక్టరుకు చూపించి సరే అనిపించుకుంటుంది. మూడోది వార్డులోని ప్రింటరుకు పంపుతుంది. మొదట్లో మూడూ మెమరీలో ఒకే చోట రాసి, అక్కడే చదివేవి. ఒకటి రాయడం పూర్తికాకముందే ఇంకొకటి చదివేసేది. రెండో వారంలోనే హెడ్ నర్సు రంగనాయకమ్మ కాగితం ఊపుకుంటూ వచ్చింది.

“ఏమప్పా మునివెంకటప్పా, పేరు కుప్పమ్మది, వయసు తాతది, చక్కెర ఇంకెవురిదో. మనుషులకు అంట్లు కడతా ఉండావా ఏంది?”

“కాయ కాసినాక నీకే పంపిస్తాలేమ్మా,” అన్నాడు నవ్వుతూ. ఆ మధ్యాహ్నం మాత్రం అన్నం ముట్టలేదు.

సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. “మా వీధి కొళాయి కాడ ఏం చేస్తారు? వరసలో బిందె పెట్టేసి ఇంటికి పోయి పని చూసుకుంటారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. మనమూ అట్లే చేద్దాం. ఒక పని ఫలితాన్ని మూటగట్టి వరసలో పెట్టేసి పోతాది. ఇంకో పని ముందునుంచి ఒక్కో మూట తీసుకుంటాది. ఒకరి సొమ్ము మీద ఇంకొకరి చెయ్యి పడదు.”

ఆ మార్పు చేశాక పేర్లు కలిసిపోవడం ఆగిపోయింది. అప్పుడాయన కొళాయి దగ్గరి ఇంకో పద్ధతి కూడా చేర్చాడు. బాలింత ఉన్న ఇంటి బిందెను, చావు జరిగిన ఇంటి బిందెను ఎవరూ అడగకుండానే ముందుకు జరుపుతారట. అలాగే ‘అత్యవసరం’ అని గుర్తు పెట్టిన ఫలితం వరసలో ముందుకు పోతుంది.

ఏడాది తిరిగేసరికి డాక్టర్లు దాదాపు ప్రతి చీటీ మీదా ఆ గుర్తు పెట్టడం మొదలుపెట్టారు.

“అన్నా, గుర్తు లేనివాటికి వంతు రాకుండానే పోవచ్చు,” అన్నాను.

“ఎంతసేపప్పా? పొద్దుగూకేలోపల కొళాయి కాడ అందురూ అయిపోతారు గదా.”

1988 ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున గుమాస్తా రాకపోతే చీటీలు తీసుకునే కిటికీ దగ్గర ఆయనే నిలబడ్డాడు. ఐరాల దగ్గరి పల్లె నుంచి ధనంజయ అనే చెరకు రైతు మూడేళ్ళ కూతురిని తెచ్చాడు. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. వార్డులో రక్తం తీశారు. ధనంజయ కిటికీ దగ్గరికి తెచ్చిన చీటీ మీద గుర్తు పెట్టడం ఎవరో మరిచిపోయారు.

“ముందుకు పెట్టమంటావా అబ్బా?” అని మునివెంకటప్ప అడిగాడు.

ధనంజయ వెనక్కి తిరిగి, అక్కడ నిలబడినవాళ్ళను చూశాడు. “మాకన్నా కష్టంలో ఉండేటోళ్ళకు ముందు సూడండి సామీ. పాపకు ఇప్పుడే కన్నంటుకునింది, నిద్రపోతా ఉండాది.”

“మర్యాద తెలిసిన మనిషి,” అన్నాడు మునివెంకటప్ప నాతో, చీటీని అలాగే ల్యాబులోకి పంపుతూ.

అరగంటలో పరీక్ష అయింది. పొటాషియం ప్రమాదకరంగా పడిపోయింది. ల్యాబు మనిషి అంకె టైపు చేస్తే తెర మీద ‘అందింది’ అని వచ్చింది. వార్డుకు అందిందనుకున్నాడు. అందింది డాక్టరు సరే అనాల్సిన వరసకు మాత్రమే. వార్డులో వాళ్ళేమో పరీక్ష ఇంకా కాలేదనుకున్నారు. ధనంజయ రెండుసార్లు లేచి అడిగాడు. “వస్తాది, కూర్చో,” అన్నారు. కూర్చున్నాడు. గుర్తు పెట్టిన అరవై ఒక్క ఫలితాలు ఆ పాపను దాటి పోయాయి.

మూడుంపావుకు వార్డు ప్రింటరు నుంచి కాగితం బయటికి వచ్చింది. పాప పోయి అప్పటికి ఇరవై నిమిషాలు. ఆ కాగితం నేను చూశాను. పేరు, వయసు, అంకె అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

విచారణలో అందరూ తమ పని తాము చేసినట్టే తేలింది. కంప్యూటరుకు గుడ్డ కప్పి, మళ్ళీ చీటీలు చేత్తో మోయించడం మొదలుపెట్టారు. మునివెంకటప్ప రెండు వారాలు కూర్చుని ప్రోగ్రాం తిరగరాశాడు. తీసుకున్న పని తిరిగి జవాబు పంపాలి. గడువులోపల జవాబు రాకపోతే పంపిన పని గంట మోగించాలి. ఎక్కువసేపు ఆగినవి వాటంతటవే ముందుకు జరగాలి. సూపరింటెండెంటు కాగితాలు తిరగేసి బాగుందన్నాడు. గుడ్డ మాత్రం తీయించలేదు.

ఐరాలకు కూడా పోయి వచ్చాడు. ధనంజయ మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, “తప్పు మాదే సామీ, గెట్టిగా అడిగింటే సరిపోయేది,” అన్నాడట. ఆ మాట తర్వాత మునివెంకటప్ప మళ్ళీ ప్రోగ్రాం రాయలేదు.

మా పాప పుట్టాక నగరి పోయి ఆయన్ను చూశాను. ఎవరిదో పవర్‌లూమ్ షెడ్డులో తెగిన పోగులు అతుకుతున్నాడు. ఆ రొదలో అరిస్తే తప్ప వినబడదు. కొత్త ఉద్యోగంలో ఆయన జవాబు పద్ధతినే వాడుతున్నానని అరిచి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను.

“అదీ కాపాడదప్పా. జవాబు చేరిందని తెలియాలంటే దానికింకో జవాబు కావాల. యాడికి తెగుతాది?”

తెగిన పోగు ఇంకొకటి అతికాడు. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చాడు.

“ఆడబిడ్డ అంటివే. పంపినాము గదా అని ఎప్పుడూ కూర్చోవద్దు. జవాబు రాకుంటే లేసి పో. మర్యాద సూడొద్దు. ఎవురన్నా కూర్చోమంటే కూర్చోవద్దు.”

ఇప్పుడు నేను చేస్తున్నది అదే. మధ్యాహ్నం ఎవరూ పిలవకపోయినా ఇంటికి పోయి చూసి వస్తాను. పోయిన నెల పాపకు జ్వరం వచ్చి రక్తపరీక్ష చేయిస్తే, గంటసేపు చూసి ల్యాబు తలుపు తోసుకుని లోపలికి పోయాను. తిట్టారు. పరీక్ష ఇంకా కాలేదట. మరో గంటకు మళ్ళీ పోయాను.