ఐసు వ్యానులో కొండలకు

బండి ఎక్కడ ఆగినా కొండబాబు ముందు వెనక్కి వెళతాడు. వెనక తలుపు కింద, ఎడమ మూలన, వేలు దూరేంత రంధ్రం ఒకటుంది. దాని కింద అరచెయ్యి పట్టి నిలబడతాడు. చుక్క పడితే ముఖం మారుతుంది. చుక్క వెంట చుక్క పడితే తాగుతున్న టీ పారబోసి బండెక్కుతాడు.

ముప్పై ఏళ్ల అలవాటది. కళింగపట్నం ఒడ్డున పడవల్లోంచి దించిన చేపల్ని వ్యానులో ఐసు మధ్య పేర్చి రాజాం బజారుకూ, శృంగవరపుకోటకూ, ఘాటు రోడ్డెక్కి ఒడిశా ఊళ్లకూ చేరవేశాడు. కరిగిన ఐసు ఆ రంధ్రంలోంచి కారేది. సన్నగా కారితే ఇంకా పొద్దుంది. జోరుగా కారితే లేదు. అతను వేరే గడియారం పెట్టుకోలేదు.

దాలమ్మ అతని భార్య, మేనమామ కూతురు. రాజాం బజారులో గంప ముందు కూర్చుని ఆ చేపల్నే అమ్మింది. ఐసులో పెట్టీ పెట్టీ ఆమె వేళ్ల చివర్లు ఎప్పుడూ నానినట్టుంటాయి. ఆమెకు ఐసంటే పొద్దున్న కొనేది, మధ్యాహ్నానికి నీళ్లయ్యేది. వాళ్ల వీధిలోనే ఉండే భాస్కర్ మిలటరీలో చేసి వచ్చినవాడు. తాను కాపలా కాసిన ఉత్తరాది కొండల్లో ఐసు రోడ్డు పక్కన ఊరికే పడి ఉంటుందని, ఎవరూ ఏరుకోరని ఒకసారి చేపలు బేరమాడుతూ అన్నాడు. ఆ మాట ఆమెలో ఉండిపోయింది.

తర్వాత ఫ్రీజరు లారీలు ఒడ్డుకే వచ్చి సరుకెత్తుకోవడం మొదలైంది. కొండబాబు వ్యాను అమ్మేస్తానన్నాడు.

"ఇన్నేళ్లు సేపలెక్కి ఊరేగినాయి," అంది దాలమ్మ. "నానొక్కపాలైనా ఎక్కినానా? ఇప్పుడు నన్నెక్కించు. ఆ ఊరికే పడున్న ఐసు సూసొద్దాం."

రాజాంలో లారీ బాడీలు కట్టే నరసింగరావు వ్యానుకు కిటికీలు కోశాడు. మంచం బిగించాడు. గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, గిన్నెలు కడిగే తొట్టి పెట్టాడు. తొట్టి నీళ్లకు మళ్లీ కొత్త దారెందుకని గొట్టం తెచ్చి పాత రంధ్రానికే కలిపాడు. వాసన మాత్రం తీయలేకపోయాడు. దాలమ్మ సాంబ్రాణి వేసింది, పసుపునీళ్లు చల్లింది. చేపలవాసన సాంబ్రాణి కలుపుకుని అలాగే ఉంది. బండి ఆగిన ప్రతిచోటా ముందు కుక్కలొచ్చి కూర్చునేవి.

దసరా వెళ్లాక బయలుదేరారు. సాగనంపడానికి వచ్చిన భాస్కర్ ఒక్కటే చెప్పాడు. కొండల్లో కొంత ఎక్కి ఆగాలి. అక్కడ నిద్రపోయి, ఒంటికి ఆ పలచటి గాలి అలవాటయ్యాకే మళ్లీ ఎక్కాలి. పరుగెత్తినవాళ్లు పైదాకా చేరరు. కొండబాబు తలూపాడు. తలూపడానికి అతనెప్పుడూ వెనకాడడు.

ఇచ్ఛాపురం దాటగానే అది మళ్లీ చేపల బండి అయిపోయింది. ఒడిశా అంతా ఒకే బిగిన లాగేశాడు. ఎక్కడైనా టీకి ఆగితే దాలమ్మ లోపల గ్లాసులు తొలిచేది. ఆ నీళ్లు వెనక నిలబడ్డవాడి అరచేతిలో పడేవి. అతను వచ్చి స్టీరింగు ముందు కూర్చునేవాడు. ఎందుకంత తొందరో ఆమెకు జార్ఖండ్ దాటాక గాని తెలియలేదు. తెలిశాక గ్లాసులు కడగడం మానేసింది. ఎంగిలి గిన్నెలు బకెట్లో పేరుకున్నాయి. బండి కాస్త నెమ్మదించింది. మొగుడిని బకెట్‌తో తోలుతున్నానని ఆమె లోలోపల నవ్వుకుంది.

కాశీ దగ్గర ఆ నవ్వు పోయింది. వంతెన మీంచి గంగ కనిపించింది. గంగమ్మకు మొక్కకుండా పడవ దించని ఇళ్లలో పుట్టిన మనిషి ఆమె. కిటికీ అద్దానికి చెయ్యి ఆనించి ఉండగానే వంతెన అయిపోయింది. ఆపమంటే, తిరిగి వచ్చేటప్పుడు చూద్దామన్నాడు.  తర్వాత డీజిలుకు ఆగినప్పుడు ఆమె ముందు సీటులోంచి దిగి, వెనక్కి వెళ్లి మంచం మీద కూర్చుంది. ఏమయిందని అతను తలుపు దగ్గరకొచ్చాడు.

"సరుకెక్కడుంటాది?" అంది. "ఎనకే గదా."

అక్కణ్ణించి ముందు అతనొక్కడు, వెనక ఆమె ఒక్కతె. అన్నం వేళకు గిన్నె అందించేది. మాటలు అందించలేదు.

సిమ్లా దాటాక రోడ్డు సట్లెజ్ నది పక్కకు దిగి, దాన్నే పట్టుకుని పైకి సాగింది. కిన్నౌర్ కొండలు మొదలయ్యాయి. కొండబాబు ఆగలేదు. పొద్దెక్కేసరికి దాలమ్మకు తల పోటు మొదలైంది. మధ్యాహ్నానికి వాంతులు. నీళ్లు కూడా ఇమడలేదు. డ్రైవరు సీటు వెనక ఉన్న చిన్న కిటికీ అద్దంలోంచి అతను చూసిన చూపు ఆమెకు తెలుసు. చేప చెడిందేమోనని కన్ను లోపలికి పోయిందో లేదో చూసే చూపది. ఆ చూపు తర్వాత అతనేం చేస్తాడో కూడా తెలుసు. బండి వేగం అందుకుంది. ముందున్న పట్నంలో ఆస్పత్రి ఉందని, గట్టిగా పట్టుకుని కూర్చోమని కేకేశాడు. ఆ పట్నం ఇంకా పైన ఉంది. ఒక్కో మలుపుకూ ఆమె తల ఇంకా బిగుసుకుంది.

పళ్లెం తీసుకుని ఇనప గోడ మీద కొట్టింది. బండి ఆగింది. అతను వచ్చి తలుపు తీశాడు. ఆమె మెట్టు మీద కూర్చుని తలుపు పట్టుకుంది.

"బావా, నాను సేపని కాను," అంది. "బేగి ఎల్లినంత మాత్రాన బాగుండిపోను. దించు."

అతను భాస్కర్‌కు ఫోను చేశాడు. అవతలి మాట ఆమెకూ వినిపించింది. "పైకి కాదు మావా, కిందికి. ఇప్పుడే తిప్పు."

కొండబాబు రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు. అతనెప్పుడూ సరుకుతో వెనక్కి తిరగలేదు. వెనక్కి తిరిగిన చేప ఎరువుగా కొబ్బరిచెట్ల మొదట్లోకి పోతుంది. ఆ సంగతి దాలమ్మకూ తెలుసు. అందుకే తొందరపెట్టలేదు. అతను ఎక్కి, సన్నటి రోడ్డు మీద ముందుకూ వెనక్కూ జరిపి జరిపి బండిని తిప్పాడు.

పొద్దు వాలేవేళకు నది ఒడ్డున ఆపిలు తోటల ఊరికి చేరారు. దాలమ్మకు పోటు తగ్గింది. అన్నం అడిగింది. అతనే వండాడు. ముద్దయిపోయిన అన్నంలోకి ఎండుచేప కాల్చి పెడితే ఆమె వేళ్లు నాకి తింది.

కొన్నాళ్లు ఆ ఊళ్లోనే ఉండిపోయారు. బండి నిలుపుకోనిచ్చిన తోట ఇల్లాలు ఆపిళ్లు తెచ్చిచ్చింది. దాలమ్మ ఎండుచేపలు ఇచ్చింది. ఆవిడ వాసన చూసి, నవ్వి, నమస్కారం పెట్టి, తన కుక్కకు వేసింది. అప్పటినుంచి ఆ కుక్క బండి కిందే పడుకుంది. బకెట్లోని గిన్నెలన్నీ దాలమ్మ ఒక్కసారే ముందేసుకుంది. కొండబాబు అలవాటు చొప్పున వెనక చెయ్యి పట్టాడు. ధార పడింది. ఉలిక్కిపడి తాళాల కోసం జేబు తడిమాడు.

"అది నా ఎంగిలి నీళ్లు బావా," అంది ఆమె కిటికీలోంచి. "తాగుతావేటి?"

అతను తడిచేతిని చూసుకున్నాడు. నవ్వు ఆపుకోలేక చక్రం పక్కన చతికిలబడ్డాడు.

మళ్లీ ఎక్కినప్పుడు ఆమె ముందు సీటులో కూర్చుంది. తల బరువెక్కితే చెయ్యెత్తుతుంది, అతను ఆపుతాడు. ఒక ఊరు, ఒక నిద్ర. ఒక్కోచోట రెండు నిద్రలు. అన్నం ఉడకడానికి సముద్రం ఒడ్డున పట్టేదానికి రెండింతలు పట్టేది. అతను పొయ్యి పక్కన కూర్చుని మూత తీసి చూసేవాడు, మళ్లీ పెట్టేవాడు.

"ఈ నడకన రాజాం బజారుకెల్తే సేపలు దిగి నడిసెల్లిపోతాయి," అని సణిగాడు ఒకనాడు.

"ఎల్లనీ. నీకు డీజిలు మిగుల్తాది," అంది.

అలా స్పితి లోయలో అడుగుపెట్టారు. చెట్టు లేదు. కొండలు బూడిద రంగులో ఉన్నాయి. సాయంత్రం ఒక వాగు దగ్గర ఆగారు. రోడ్డు వారగా, నీడ పట్టునున్న వాగు అంచంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. దాలమ్మ దిగి దాని ముందు గొంతుక్కూర్చుంది. ఒక ముక్క విరిచి, చేపను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. మంచి ఐసు. అడిగేవాడు లేడు. కొనేవాడు లేడు.

"ఊరికే పడున్నాది బావా," అంది. ముక్కను తీసినచోటే పెట్టేసి, చీర చెంగుకు చేతులు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్న ఆమె లేచేసరికి అతను పక్కన లేడు. కిటికీలోంచి చూస్తే వెనక తలుపు దగ్గర ఉన్నాడు, అరచెయ్యి పట్టి. రంధ్రంలోంచి రాత్రి గ్లాసులు తొలిచిన నీళ్లు గడ్డకట్టి వేలాడుతున్నాయి, మునక్కాయ ముక్కలాగ. చేతిలో చుక్క పడలేదు. ఆమెకు కాళ్లు చల్లబడి దుప్పట్లోకి లాక్కునేదాకా అతను అలాగే నిలబడ్డాడు. తర్వాత ఆ ముక్కను విరిచి, రెండు చేతులతో తీసుకెళ్లి ఎదురుగా ఉన్న బల్లపరుపు రాయి మీద పెట్టాడు. స్టూలు తెచ్చుకుని దాని ముందు కూర్చున్నాడు.

"ఏటి సేస్తన్నావు?" అంది దాలమ్మ.

"ఇది కరగాల. కరిగినాక ఎల్దాం."

ఆమె టీ పెట్టింది. రాత్రి గిన్నెలు తీరుబడిగా కడిగింది. ఎండ ఎదుటి కొండ మీంచి దిగి, వాగు దాటి, చాలాసేపటికి రాయి మీదికి వచ్చింది. ముక్క సన్నబడింది. ఊరికుక్క ఒకటి వచ్చి బండిని వాసన చూసి అతని కాళ్ల దగ్గర పడుకుంది. చివరికి రాయి మీద తడి మిగిలింది. కుక్క లేచి దాన్ని నాకేసింది.

దాలమ్మ చెయ్యి తుడుచుకుని ముందు సీటు ఎక్కబోయింది. కొండబాబు లేచి బండి వైపు రాలేదు. వాగు దగ్గరకు వెళ్లాడు. గంపకు సరిపడా పెద్ద గడ్డను గుండెకు హత్తుకుని మోసుకొచ్చి, ఆ రాయి మీదే పెట్టి, మళ్లీ కూర్చున్నాడు.