కట్ట కింద నడిచిన మేడమ్

వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం. కరకట్ట దిగువన, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని గడ్డిలో నడుస్తున్నాను. ఎండ పొడ తగిలి నేలంతా గోరువెచ్చగా ఉంది. ఒక్కచోట మాత్రం అరికాలికి చల్లగా తగిలింది. ఆగిపోయాను. ఆ చల్లదనం తగిలినప్పుడల్లా వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది నాకు: "ఆగమ్మా. కాలేం చెబుతోందో విను." ఆ గొంతు శాంతకుమారి గారిది. నేను నీటిపారుదల శాఖలో చేరినప్పుడు రేపల్లెలో ఆవిడే మా డిప్యూటీ ఇంజనీరు. ఇప్పుడు ఆవిడ లేరు. ఆవిడ కుర్చీ నాకు వచ్చింది గానీ, నిజం చెప్పాలంటే ఆ కుర్చీలో ఆవిడా పెద్దగా కూర్చోలేదు, నన్నూ కూర్చోనివ్వలేదు.

మాది తెనాలి. మా ఊరివాళ్ళకు దర్జా కొంచెం ఎక్కువని చుట్టుపక్కల ఒక పేరు. ఉద్యోగంలో చేరిన రోజు ఆ పేరు నిలబెట్టేలాగే తయారై, కొత్త బూట్లతో రేపల్లె రైలు దిగాను. మేడమ్ నన్ను తల నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి పాదాల దగ్గర ఆగారు.

"బూట్లు బాగున్నాయి. ఎక్కడ కొన్నావేంటి?"

"తెనాల్లోనేనండి."

"అయితే జాగ్రత్తగా బల్ల కింద పెట్టు. మనం కట్ట దగ్గరికెళ్తున్నాం."

తీరా వెళ్ళాక ఆవిడ కట్ట ఎక్కనే లేదు. జీపు దిగి ఊరివైపు, కట్ట వాలు నేలను తాకే చోటికి వెళ్ళి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని ఉత్త కాళ్ళతో నడక మొదలుపెట్టారు. ముళ్ళు గుచ్చుకుంటున్నాయని నేను గునుస్తుంటే వెనక్కి తిరిగి నవ్వారు. "పైన నడిస్తే నది కనిపిస్తుందమ్మా, చూడ్డానికి బాగుంటుంది. కింద నడిస్తే కట్ట కనిపిస్తుంది. మనకి జీతమిచ్చేది దాన్ని చూడమని." మట్టికట్టకు వరద ఆనినప్పుడు కింద కాస్త నీరు ఊరడం మామూలేననీ, ఆ తడి కంటికంటే ముందు అరికాలికే చల్లగా తెలుస్తుందనీ, అసలు తడే కనపడకూడదనుకోవడం అత్యాశ అనీ అనేవారు. ఊరిన నీరు తేటగా ఉంటే భయం లేదు. బురదగా వస్తే మాత్రం కట్ట కడుపులోని మట్టి కొంచెం కొంచెంగా కొట్టుకుపోతున్నట్టే. అది తేల్చుకోవడానికి ఆవిడ హ్యాండుబ్యాగులో ఎప్పుడూ ఒక ఖాళీ కాఫీపొడి సీసా ఉండేది. అందులో ఊటనీరు పట్టి వెలుతురుకు ఎత్తి చూసేవారు. ఆ సీసాను చూసి ఆఫీసులో ముసిముసిగా నవ్వేవాళ్ళకు లోటు లేదు. మొదట్లో నేనూ నవ్వాను.

మేడమ్ పుట్టిన పల్లె కూడా ఆ కట్ట కిందే ఉంది. వానాకాలంలో ఆ ఊళ్ళో పొడిగా మిగిలే చోటు కట్ట ఒక్కటే. అందుకని గేదెలున్న ప్రతి ఇల్లూ కట్ట వాలును పలుగుతో చెక్కి, చదును చేసి, పాక వేసుకుని, పక్కనే గడ్డివామి పెట్టుకునేది. ఎవరికి వారు చెక్కింది కొంచెమే. అందరూ చెక్కేసరికి కట్ట కాలు సన్నబడింది. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, బయట పందిట్లో మేడమ్ ఊరందరినీ ఆపి ఈ మాటే చెప్పారు. పాకలన్నీ తీసేస్తాం, చెక్కిన చోట్ల మట్టి పోసి దిమ్మిస కొట్టించి గట్టి చేయిస్తాం అన్నారు. ఒక పెద్దావిడ లేచింది.

"అందరికీ చెబుతున్నావు, బానే ఉంది శాంతమ్మా. మరి మీ అన్న పాక సంగతేంటి?"

అన్నిటిలోకీ పెద్ద పాక ఆవిడ అన్న దానియేలు గారిదే. ఆయన బైబిలు చంకన పెట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. మేడమ్ ఆయన వైపు చూడకుండానే, "ముందు అదే తీయిస్తానక్కా" అన్నారు.

"గేదెల్ని ఎక్కడ కట్టుకోమంటావే? నీ ఆఫీసులోనా?" అన్నారు దానియేలు గారు.

"చోటు చూపిస్తానన్నయ్యా. చూపించాకే పాక ముట్టుకుంటా."

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆవిడ బాపట్లలోని పై ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగారో! గేదెల కోసం ఊరి చివర మెరక దిబ్బ పోయించడం మన శాఖ పనేంటమ్మా అని అక్కడి పెద్దసారు విసుక్కుంటే, "వాటికి చోటు లేకపోతే కట్ట ఎక్కుతాయి సార్. అప్పుడు మన పనే అవుతుంది" అన్నారు. వెనక నిలబడ్డ నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. దిబ్బ వచ్చింది. కట్ట మీద నుంచి మొదట దానియేలు గారి పాకను, దాని వెనక మిగతావాటిని తీయించారు. అన్నగారు మాత్రం ఆ రోజు నుంచి చెల్లెలితో మాటలు మానేశారు. క్రిస్మస్‌కు కేకు పట్టుకుని వెళ్తే వదినగారు అందుకున్నారు గానీ, ఆయన గదిలోంచి బయటికి రాలేదు. తిరిగి వస్తూ జీపులో పొన్నూరు నుంచి ఎవరో పంపిన ఫైలు గురించి నేనేదో అంటే మేడమ్ వినిపించుకోలేదు. చివరికి, "చిన్నప్పుడు వరదొస్తే నన్ను భుజాన ఎక్కించుకుని ఈ కట్ట మీదికి తెచ్చింది ఆయనేనమ్మా" అని కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఆ పెద్దాయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

మరుసటి వానాకాలం కృష్ణకు వరద వచ్చింది. నీరు కట్ట మెడదాకా ఎక్కింది. ఊరు ఖాళీ చేయమని చాటింపు వేయించాం, పిల్లల్నీ ముసలివాళ్ళనీ పంపేశాం, కొందరు మగవాళ్ళు మాత్రం కదల్లేదు. పొద్దున్నే కట్ట కింద నడుస్తున్న మేడమ్ ఒకచోట ఆగి నన్ను కేకేశారు. పాత పాకల వరసకు కొంచెం అవతల, నేలలోంచి నీరు బుడబుడమని పొంగుతోంది. సీసాలో పట్టి చూస్తే కింద సన్నని ఇసుక, పైన బురద. అప్పటికే జనం ట్రాక్టరు నిండా బంకమట్టి తెచ్చేశారు. ఊట మీద మట్టి కుమ్మరించి తొక్కేయడం ఆ ఊరివాళ్ళకు తాతల నాటి అలవాటు. ట్రాక్టరు ముందు దానియేలు గారు.

"పొయ్యమాకండి!" అని మేడమ్ వెళ్ళి ఊట పక్కనే నిలబడ్డారు.

అన్నగారు చెల్లెలితో కాక నాతో అన్నారు. "నీళ్ళొస్తుంటే మూయొద్దంటదేంటమ్మా మీ మేడమ్? ఊరు మునగాలా?"

"ఇక్కడ మూస్తే ఇంకోచోట తన్నుకొస్తుందన్నయ్యా. అది మనకి కనపడే చోట రావాలనేం లేదు. నీళ్ళని రానిద్దాం. మట్టిని పోనివ్వకుండా చూద్దాం. నమ్మకపోతే నా మీద పోయండి మట్టి, నేను మాత్రం కదల్ను."

ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. అన్నం వడ్డించేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడారు. దానియేలు గారు ఆవిడను కాసేపు చూశారు. తర్వాత ట్రాక్టరు వెనక్కి తిప్పమని చెయ్యి ఊపి, మొదటి ఇసుక బస్తా తనే భుజాన వేసుకున్నారు. ఊట చుట్టూ బావి ఒరలాగా బస్తాలు పేర్చాం. లోపల నీరు నిలిచి ఎత్తు పెరిగేకొద్దీ, ఆ బరువుకు కింది పొంగు నెమ్మదించింది. మేడమ్ మళ్ళీ మళ్ళీ సీసా నింపారు. బురద. బురద. కొంచెం పలచన. మధ్యాహ్నానికి సీసాలోంచి అవతల నిలబడ్డ అన్నగారి ముఖం కనిపించింది. నీరు వస్తూనే ఉంది, తేటగా. కట్ట నిలిచింది. ఎవరూ కేకలు వేయలేదు, అందరం నేల మీద కూలబడ్డాం. దానియేలు గారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ చెల్లెలి దగ్గరికి వచ్చారు. అన్ని నెలల తర్వాత ఆవిడతో నేరుగా ఆయన అన్న మొదటి మాట: "ఏమన్నా తిన్నావా?"

"ఇంకా లేదన్నయ్యా" అన్నారు మేడమ్. అప్పుడు ఆవిడ ముఖం చూడాలి మీరు. వరద వెనక్కి తగ్గినా అంత వెలిగేది కాదు.

ఆ తర్వాత నేను చాలా కట్టలు చూశాను. భయం వేసినప్పుడు గబగబా మూసేయాలనిపించేది కట్ట కింది ఊటలనే కాదు, ఇంట్లో మాటలనీ, ఆఫీసులో తప్పులనీ కూడా. ఆగి, ఏం బయటికి వస్తోందో ముందు చూడడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఈ మధ్యాహ్నం కూడా బ్యాగులోంచి సీసా తీశాను. అది ఆవిడదే. మూత తుప్పు పడితే మార్చాను, అంతే. చల్లగా తగిలిన చోట వంగి నీరు పట్టి వెలుతురుకు ఎత్తాను.

అవతల దిబ్బ మీద గేదెల మధ్య, నులక మంచం మీద కూర్చున్న దానియేలు గారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నావైపే చూస్తున్నారు. బాగా పెద్దవారయ్యారు, చూపు ఆనడం లేదు.

"ఏమ్మా, ఎట్లా ఉంది?"

"తేటగా ఉంది బాబాయ్!"

ఆయన తల ఊపారు. మళ్ళీ కేకేశారు. "ఏమన్నా తిన్నావా?"

ఆ ప్రశ్న నన్నొక్కదాన్నే అడిగింది కాదని నాకు తెలుసు. చెప్పులు చేత్తో పట్టుకుని దిబ్బవైపు నడుస్తూ, ఇద్దరి తరఫునా జవాబు చెప్పాను.

"ఇంకా లేదండి. వస్తున్నా."