వంద రూపాయల కోత

ఆదివారం పొద్దున తొమ్మిది అయ్యేసరికి ఇప్పటికీ నా ధ్యాస సైకిల్ గంట మీదికి పోతుంది. ఆయన ఆ వేళకే వచ్చేవారు. హ్యాండిల్‌కు ఒక గుడ్డ సంచి, అందులో శాసనసభలో ఇచ్చిన పుస్తకాలు.

సికింద్రాబాద్ స్టేషన్ వెనుక ఒక టింబర్ డిపోలో నేను దుంగలు కొలిచేవాణ్ణి. మూడో తరగతితో నా బడి ఆగిపోయింది. చుట్టుకొలత, పొడవు చూసి దుంగలో ఎంత చెక్క వస్తుందో నోటితో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. ఆయన వకీలు. పోలీస్ యాక్షన్ తరువాత హైదరాబాద్ రాష్ట్రంలో జరిగిన మొదటి ఎన్నికల్లో మా వైపు నుంచి గెలిచి ఎదుటి పక్షంలో కూర్చున్నారు. పుస్తకాల అలమరాకు చెక్కలు కొనడానికి ఒకసారి డిపోకు వచ్చారు. గుమస్తా కాగితం తీసేలోపే నేను ధర చెప్పాను. ఆయన నన్ను కాసేపు చూసి, సంచిలోంచి బడ్జెట్ పుస్తకం తీసి, ఇందులో కూడికలు సరిగ్గా ఉన్నాయేమో చూడమన్నారు. అలా మొదలైంది.

నాకు ఇంగ్లీషులో అంకెలు తప్ప ఏమీ రావు. ఆయన పద్దు పేరు చదివేవారు, నేను నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె పెట్టి తేడా చెప్పేవాణ్ణి. ఏ ఏడైనా ముందు పోలీసు పద్దు, తరువాత బడుల పద్దు చూడమనేవారు. ఆ రెండూ చూస్తే మంత్రి ప్రసంగం వినకపోయినా నష్టం లేదనేవారు. కౌలుదారుల బిల్లు వచ్చినప్పుడు, చట్టం మంచిదే కాని పట్వారీ బస్తాలోని దస్త్రాల్లో కౌలుదారు పేరే లేకపోతే ఆ మంచి ఎవరికి చేరుతుందని నెల రోజులు అదే మాట మీద ఉన్నారు. అమ్మకం పన్ను గురించి నేను అడిగితే నవ్వారు. కట్టె మీద పన్ను వద్దని సభలో అంటే, ఈయన డిపోలో చాయ్ తాగి వచ్చాడంటారట.

నా సొంత సంగతి ఆయనకు ఒక్కటే చెప్పాను. మా ఇల్లు మల్కాజ్‌గిరిలో. మా మొదటి కాన్పుకు నొప్పులు వస్తే జట్కాలో సికింద్రాబాద్ దవాఖానాకు బయలుదేరాం. రైలు గేటు పడింది. ఒక గూడ్సు పోయింది, గేటు తీయకముందే ఇంకొకటి వచ్చింది. దవాఖానా చేరేసరికి బిడ్డ దక్కలేదు. తరువాత ఒక సెలవు రోజు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఆ గేటు దగ్గరే కూర్చుని లెక్క పెట్టాను. ఇరవై మూడుసార్లు పడింది. ఎన్ని నిమిషాలు మూసి ఉందో కూడా రాసుకున్నాను. గేటుకు ఇవతల ఒక మంత్రసానమ్మ, రెండు గదుల దవాఖానా ఉంటే చాలని నా కోరిక. ఆయన ఆ చీటీ అడిగి తీసుకుని పుస్తకంలో పెట్టుకున్నారు.

ఆ ఏడు బడ్జెట్ సమావేశాలప్పుడు, చాయ్ హోటల్‌లో ఒకాయన పేపర్ చదువుతూ నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ దోస్త్ దవాఖానాల పద్దుల వంద రూపాయలు కొయ్యమన్నడంట. మంచిగనే చేస్తున్నవు లెక్కలు."

పేపర్ తీసుకుని నేనే చదివాను. వైద్యశాఖ పద్దులో వంద రూపాయలు తగ్గించాలని మా సభ్యుడు ప్రతిపాదించారని ఒక్క వాక్యం ఉంది. రెండుసార్లు చదివినా అదే వాక్యం. తగ్గించడమంటే తగ్గించడమే. నాకు తెలిసిన లెక్కలో దానికి ఇంకో అర్థం లేదు.

ఆదివారం ఆయన వచ్చి ఎప్పటిలాగే పుస్తకం తెరిచారు. డిపోలో నలుగురు ఉన్నారు. ఇంట్లో దాచిన వంద రూపాయలు తెచ్చి ఆ పుస్తకం మీద పెట్టాను.

"సర్కారుకు వంద తక్కువైతే నేనిస్త వకీల్ సాబ్. దవాఖానా పైసలు కొయ్యకుండ్రి."

ఆయన నోట్లు చూశారు. అవి నిజాం సిక్కా నోట్లు. సర్కారు లెక్క నడిచేది ఇండియా రూపాయల్లో, మేము కల్దార్ అనేవాళ్ళం. "ఇవి హాలీ గదా," అన్నారు నెమ్మదిగా. "కల్దార్ లెక్కకు పద్నాలుగు రూపాయలు తక్కువైతయి."

నలుగురూ నవ్వారు. ఆయన నవ్వలేదు. సభలో దానికో పద్ధతుంది అని ఏదో చెప్పబోయారు. పద్ధతులు చదువుకున్నోళ్లకు, మాకు తీసివేత ఒక్కటే తెలుసని నేను మధ్యలోనే అడ్డుకున్నాను. ఆయన లేచి సైకిల్ తీసుకుని వెళ్ళిపోయారు. పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది.

దాన్ని ఇంటికి తెచ్చి గూట్లో పడేశాను, నాలుగు రోజులు తెరవలేదు. నా భార్య ఒక్క మాటే అడిగింది. "గేటు లెక్క ఆయన ఎందుకు తీస్కపోయిండు మరి?"

అప్పుడు తెరిచాను. వైద్యశాఖ పేజీలో నా చీటీ ఉంది. దానికి గుచ్చిన కాగితం మీద ఆయన తెలుగులో రాసుకున్న ప్రసంగం ఉంది. మల్కాజ్‌గిరిలో దవాఖానా లేని సంగతి సభ దృష్టికి తేవడానికి ఈ పద్దులో వంద రూపాయల కోత కోరుతున్నాను అని మొదటి వాక్యం. దాని కింద నా ఇరవై మూడు, నా నిమిషాలు. చివర, మంత్రి జవాబు విన్నాక కోత వెనక్కి తీసుకోవాలి అని గుర్తు. లక్షల పద్దులో వంద అడగడం తగ్గించడానికి కాదు, లేచి నిలబడి ఆ మాట చెప్పడానికి. అంకెకు అలాంటి పని కూడా ఉంటుందని నాకు తెలియదు.

మర్నాడు పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో సైకిల్‌కు గాలి కొడుతున్నారు. హ్యాండిల్‌కున్న గుడ్డ సంచిలో పుస్తకం పెట్టాను.

"కుదిరిందా లెక్క?" అని ఆయనే అడిగారు.

"కుదిరింది సాబ్."

"వచ్చే బడ్జెట్‌కు ఒక్క రూపాయే కోత పెడదాం తియ్యి. నీకు సుత కోపం తక్కువొస్తది."

వచ్చే బడ్జెట్‌కు ఆ రాష్ట్రమే లేదు. మూడు ముక్కలైంది. మేము ఆంధ్రతో కలిశాం. ఆయన సొంతూరు నాందేడ్ దగ్గర, అది బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. రాష్ట్రం విడిపోయే పనుల్లో పడి ఆయన డిపోకు మళ్ళీ రాలేకపోయారు. తరువాతి ఎన్నికల్లో నిలబడలేదు. సామాను రైలుకెక్కించి ఊరికి వెళ్ళిపోయారని చాయ్ హోటల్‌లోనే విన్నాను. ఆ హాలీ నోట్లు మార్చుకోకుండా అలాగే ఉంచాను.

దవాఖానా చాలా ఏళ్ళకు వచ్చింది. గేటుకు ఇవతలే, రెండు గదులు. ఎవరి మాట మీద వచ్చిందో నాకు తెలియదు. మొదటి కాన్పు అయిన రోజు వెళ్ళి, తల్లీబిడ్డా బాగున్నారని కనుక్కుని, ఆయన ఊరికి కార్డు రాశాను. గేటు దాటకుండా ఒకటి, అని మాత్రమే రాశాను. ఆయనకు అర్థమవుతుంది.

జవాబు రాలేదు. ఆ ఊళ్ళో ఉన్నారో లేదో కూడా తెలియదు. మంత్రసానమ్మను అడిగి నెలనెలా కాన్పుల లెక్క రాసుకుంటూనే ఉన్నాను. నిన్నటికి నాలుగు వందల పన్నెండు. నిరుటి అంకె పక్కన ఈ ఏటిది పెట్టి తేడా కూడా వేసి ఉంచాను, ముందు ఆయన అడిగేది అదే కనుక.