ఖాళీ గదిలో పడిన చుక్క

గెర్డీనా మాట నమ్మి ఒకసారి బుద్ధి తెచ్చుకున్నామని ఆల్డెర్‌వేల్డ్ ఊరంతా చెప్పుకునేది. ఊరికీ వాల్ నదికీ నడుమ ఉన్న కరకట్ట మీద సైకిలు తొక్కుతూ ఇరవై ఆరేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి ఆవిడ. నది పొంగితే కట్ట కాపలాకి అందరికంటే ముందు పేరిచ్చేది. కట్ట లోపలి వైపు, అంటే ఊరి వైపు, అడుగున, తమ్ముడు తోనిస్ ఆవుల కొట్టం పక్కనే, భూమిలోకి దింపిన ఇనుప గొట్టం ఒకటుంది. మట్టి కింద నీరు ఎంత ఎత్తుకు ఎక్కిందో అందులోకి టేపు వదిలి చూస్తారు. రెండేళ్ళ కిందట ఆ నీరు ఒక్క రోజులో జానెడు ఎక్కేసరికి కట్ట తెగుతుందనుకుంది గెర్డీనా. ఇంటింటి తలుపూ బాదింది. జనం పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో ఊరు వదిలారు. తీరా చూస్తే కట్ట ఇసుమంతైనా కదల్లేదు. ఆ హడావిడిలో తోనిస్ చూడి ఆవు లారీలోకి ఎక్కించే పలక మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. దాన్ని చంపక తప్పలేదు. అప్పట్నుంచి తమ్ముడు ఆవిణ్ణి అక్కా అని పిలవడం మానేశాడు. ఉత్తరం తెస్తే చేత్తో అందుకునేవాడు కాదు, "పెట్టెలో పడెయ్" అనేవాడు.

తప్పెక్కడ జరిగిందో తెలియకుండా ఊరుకునే రకం కాదు గెర్డీనా. వారానికో సాయంత్రం పట్నం వెళ్ళి లెక్కల తరగతిలో కూర్చుంది. తన తెలివితక్కువతనం అక్కడ బయటపడింది. గొట్టాన్ని ఒక్కదాన్నే చూసింది గాని పక్కన నదిని పెట్టి చూడలేదు. నది ఎక్కితే గొట్టం ఎక్కదా మరి! రెండూ కలిసి ఎక్కడం, కలిసి దిగడం కట్ట బాగున్నదనడానికే గుర్తు. రెండు కొలతలు ఇలా కలిసి నడిచే తీరుకు సహవిస్తృతి అని పేరట. పేరు నోరు తిరగదు గాని పని తేలికే.

గళ్ళ కాగితం మీద అడ్డంగా నది ఒక రోజులో ఎంత ఎక్కిందో దిగిందో, నిలువుగా గొట్టంలో నీరు ఎంత ఎక్కిందో దిగిందో వేసుకుంది. రోజుకో చుక్క. నది సగటు దగ్గర నిలువు గీత, గొట్టం సగటు దగ్గర అడ్డ గీత గీస్తే కాగితం నాలుగు గదులైంది. రెండూ సగటుకు పైన ఉన్న రోజు చుక్క కుడివైపు పై గదిలో పడుతుంది. రెండూ కిందున్న రోజు ఎడమవైపు కింది గదిలో పడుతుంది. మట్టిలోంచి నీరు ఊరడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి నిన్నటి నదిని ఇవాళ్టి గొట్టంతో జత కట్టేది. రెండేళ్ళలో ఏడు వందల చుక్కలు, దాదాపు అన్నీ ఆ రెండు గదుల్లోనే, కింది నుంచి పైకి వాలుగా పరుచుకున్నాయి. ఎడమవైపు పై గదిలో, అంటే నది దిగినా గొట్టం ఎక్కితే చుక్క పడాల్సిన చోట, గీతల దగ్గర తచ్చాడిన నాలుగైదు తప్ప ఏమీ లేవు.

ఈ ఫిబ్రవరిలో నది మళ్ళీ పొంగింది. గెర్డీనా ఈ పొంగుకని అవే గీతలతో వేరే కాగితం తీసింది. తొమ్మిది రోజులు ఎక్కిన నది పదో రోజున దిగడం మొదలెట్టింది. పదమూడో రోజు పొద్దున్న కట్ట అధికారి బారెండ్, సాయంత్రానికి కాపలా ఎత్తేస్తామన్నాడు. ఊరు హమ్మయ్య అనుకుంది. అదే పొద్దున్న గెర్డీనా చుక్క పెట్టబోయి ఆగిపోయింది. ఖాళీ గదిలో, గీతలకు బాగా దూరంగా, వరసగా మూడో చుక్క. మొన్నటిది చేతి పొరపాటనుకుంది. నిన్నటిది టేపు పొరపాటనుకుంది. ఇవాళ టేపు నాలుగుసార్లు వదిలింది, నాలుగుసార్లూ అదే కొలత.

మళ్ళీ తలుపు తట్టాలి, అదీ తమ్ముడి తలుపు. కట్ట జారితే ముందు పోయేది అతని కొట్టం, అందులో ఉన్న నలభై ఆవులు. జారకపోతే ఇక ఆ ఇంటి గడప జన్మలో తొక్కలేదు. భయపడుతూనే వెళ్ళింది.

"నది దిగుతోంది కదా! ఇంకేం కావాలి నీకు? ఇంకో ఆవు కాలు కావాలా?" అన్నాడు తోనిస్.

"తిట్టు. తిట్టడం అయ్యాక ఈ కాగితం చూడు."

"నాకు నీ చుక్కలు రావు. ఆవులొచ్చు."

"సరే, ఆవుల మాటే చెప్పు. మేత తగ్గిస్తే పాలేమవుతాయి?"

"తగ్గుతాయి. అదీ ఒక ప్రశ్నేనా?"

"మూడు రోజులుగా మేత తగ్గిస్తున్నావు. పొదుగు మాత్రం రోజురోజుకీ ఉబ్బుతోంది. అప్పుడో?"

తోనిస్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "అవి పాలు కావు, పొదుగువాపు. డాక్టర్ని పిలవాలి." కాగితం లాక్కుని ఒంటరిగా పడ్డ మూడు చుక్కల మీద గోరు పెట్టాడు. "నది మేత. గొట్టం పొదుగు. అంతేనా?"

"అంతే."

బూతొకటి తిట్టి లేచాడు. "ఈసారి ఒక్కదాని కాలు విరిగిందా, నీ మొహం చూడను."

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆవుల ఆఖరి లారీ కొట్టం ముందు నుంచి కదలబోతోంది. బారెండ్ మండిపడుతూ వచ్చాడు. "ఎవర్నడిగి ఊరిని మళ్ళీ బెదరగొడుతున్నావమ్మా?" గెర్డీనా ఇంకోసారి టేపు వదిలింది. గంట కిందటి కొలత కంటే నీరు జానెడు దిగింది! చుక్క పెడితే సరిగ్గా పాత వాలు మీద పడింది.

"చూశావా? నీ చుక్క బుద్ధిగా ఇంటికొచ్చేసింది," అని బారెండ్ నవ్వాడు.

తోనిస్ లారీ మెట్టు మీంచి అరిచాడు. "వెనక్కి తిప్పమంటావా?"

గెర్డీనా మళ్ళీ కాగితం చూసింది. మళ్ళీ తప్పేనా? తిప్పమని అనబోయింది. ఏడు వందల చుక్కల్లో ఒక్కటైనా ఇలా గంటలో దూకిందా అని అప్పుడు తోచింది. ఈ గంటలో నది వేలెడైనా దిగలేదు. గొట్టం నదితో కలిసి దిగలేదు, ఒక్కటే దిగింది.

"బారెండ్, ఆ జానెడు నీళ్ళూ ఎటు పోయాయి?"

"ఎటు పోతాయి, కిందికే."

"నది కదలకుండా ఎలా పోతాయయ్యా? ఇంకో దారి దొరికింది వాటికి!" అంటూ కొట్టంలోకి పరిగెత్తింది. ఆవులు కట్టే చోట ఇటుకల సందుల్లోంచి నీళ్ళు అంబలి ఉడికినట్టు బుడబుడా పైకొస్తున్నాయి. వాటితో బూడిదరంగు ఇసుక వస్తోంది. కట్ట కింది మట్టే అది. బారెండ్ దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు.

"పరిగెత్తండి," అన్నాడు.

లారీ ముందు దూసుకుపోయింది. వెనక వీళ్ళు రెండు వందల అడుగులు వేశారో లేదో, వెనక నుంచి లోతైన మూలుగు లాంటి చప్పుడు వినిపించింది. కట్ట లోపలి వాలు మొత్తం జారి కొట్టం మీద పడింది. నది అప్పటికే బాగా దిగి ఉండబట్టి కట్ట పైభాగం నిలిచింది. కొట్టం ఉన్నచోట మట్టి, విరిగిన దూలాలు మిగిలాయి.

సాయంత్రం మెరక ఊళ్ళో ఎవరిదో కొట్టం. పాలు తీసే యంత్రాలు అన్ని ఆవులకు చాలక కొన్నింటిని చేత్తోనే పితుకుతున్నారు. గెర్డీనా లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మంలోనే నిలబడింది. పీట మీద కూర్చున్న తోనిస్ తలెత్తలేదు.

"చేతులు వణుకుతున్నాయే అక్కా. దీని పాలు నువ్వు తియ్యి."

ఆవిడ బకెట్టు అందుకుంది. కళ్ళనీళ్ళకు ఏమీ కనబడలేదు. తడుముకుంటూనే పాలు తీసింది.