గట్టయ్య రేసు టీం

చెన్నూరు జాతరల ఎడ్లబండ్ల పందెమంటే గెలుపు గట్టయ్యదే. తలకు రుమాలు బిగించి, మీసం ఓసారి దువ్వనిదే పగ్గాలు పట్టడు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన బామ్మర్ది కొండల్ ఒక అమెరికా రేసు టీం కథ చెప్పిన కాన్నుంచి గట్టయ్య సంబురం చూడాలె. ఆ టీం పోరగాళ్లతోటి, ఒక్క కారుతోటి రేకుల షెడ్డుల మొదలైందట. కారు చక్రాల మీద రేకు మూతలే ఉండయట. "మన బండికి మాత్రం ఉన్నయా!" అని గట్టయ్య మురిసిండు. రేసు నడుమ కారు ఆగితే టీమంతా ఉరికొచ్చి టైర్లు మార్చి, పెట్రోలు పోస్తరట.

ఆ ఏడు పందెంల అందరికంటే ముందున్న గట్టయ్య సగం దూరంల పగ్గాలు గుంజి బండి ఆపిండు. టీమని ముందే ఆడ నిలబెట్టిన కొండల్ ఉరికొచ్చి ఇరుసుకు కందెన రాసిండు. పెండ్లాం రామవ్వ ఎడ్ల ముందర కుడితి గంగాళం పెట్టింది. "బావా, వాళ్లు పోతుండ్రే!" అని కొండల్ మొత్తుకున్నా వినలే. ఎడ్లు కుడితి తాగి మూతులు నాకేసరికి పందెం అయిపోయింది. మరుసటేడు ఆగనని ఒట్టేసుకొని, మళ్లా అందరికంటే ముందే ఉరికిచ్చిండు. సరిగ్గా అదే జాగల ఎడ్లు వాటంతటవే ఆగినయి. ఎంత అదిలించినా కదలలే. పందెం చూడవచ్చి పక్కన ఒట్టి చేతులతోటి నిలబడ్డ రామవ్వ దిక్కే చూడబట్టినయి. గట్టయ్య బండి దిగి, రుమాలు విప్పి మొఖం తుడుచుకున్నడు.

"కుడితి తేపోవే," అన్నడు. "మన టీంల పని నేర్చింది ఇవి రెండే."