సత్తెమ్మ గొంతు అసలు స్పీడు

2025, ఆగస్టు నెల. మొఘల్‌పురాలో మా ఇంటికి కింద బర్రెల కొట్టం, పైన నా గది. కింద మా నాన్న పాలు పిండుతుంటే పైన నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటుంటాను. పాటల మీద సమీక్షలు రాయడం నా ఉద్యోగం. "పాటలు ఇనుడు గూడ నౌకరేనా శోభా?" అని మా మేనత్త ప్రతి పెళ్లిలోనూ పదిమంది ముందు అడుగుతుంది. నౌకరే. వింటే ఎవరూ జీతం ఇవ్వరు. విన్నాక ఒక మాట చెప్పి దాని మీద నిలబడితే ఇస్తారు. ఆ నిలబడడం ఏంటో నాకు ఆ ఏడాదే బాగా తెలిసొచ్చింది.

అప్పుడు ఒక వెబ్ పత్రికకు రాస్తుండేదాన్ని. ఎడిటర్ ప్రతాప్ గారు గత పదేళ్ల తెలుగు ఆల్బమ్‌లలో మేటి పదింటికి వరుస కడదామన్నారు. ఆల్బమ్ అంటే పాటలన్నీ ఒకచోట కుప్ప పోయడం కాదు. ఈ పాట తర్వాత ఆ పాటే ఎందుకొచ్చిందో ఒక కారణం ఉండాలి. జ్యూరీలో నలుగురం. మొదటి జల్లెడలో మిగిలినవాటిని షార్ట్‌లిస్ట్ అంటాం. వాటిని అందరం మళ్లీ విని, మార్కులు వేసి, ఆ తర్వాత పోట్లాడుకుంటాం. పోట్లాట లేకుండా తేలిన వరుసను నేనైతే నమ్మను.

నా పద్ధతి ఒకటుంది. ఏ ఆల్బమైనా ముందు హెడ్‌ఫోన్లలో వింటాను, తర్వాత వంట చేస్తూ ఫోన్ స్పీకర్లో, ఆ తర్వాత ఆటోలో. తాలింపు చప్పుడులోనూ చార్మినార్ ట్రాఫిక్‌లోనూ నిలిచిన పాటకే నా దగ్గర మార్కు. దీనికి మా జ్యూరీలో కిరణ్ మస్తు నవ్వేవాడు. మంచి స్పీకర్లున్న ఇంట్లో పుట్టినవాడు, నవ్వక ఏంచేస్తాడు?

ఆ కిరణే ఒక కొత్త ఆలోచన తెచ్చాడు. మేటి పది పక్కన ఒక చిన్న డబ్బా పెడదామని, దాంట్లో "పదేళ్ల నవ్వులాట" అని ఒక ఆల్బమ్‌ను ఎగతాళి చేద్దామని. ఏది అంటే, మా పాతబస్తీదే. పేరు 'పాలపొద్దు'. యాకుత్‌పురాలో పాలు అమ్మే సత్తెమ్మ పాడినది. సదర్ పాటలు. సదర్ అంటే దీపావళి మర్నాడు పాలవ్యాపారం చేసే మావాళ్ల పండగ. దున్నపోతులను కడిగి, నూనె రాసి, పూలదండలు వేసి, గవ్వల పట్టీలు కట్టి ఊరేగిస్తాం. ఆ ఊరేగింపులో డీజే బాక్సులు మోగిపోతుంటాయి. 'పాలపొద్దు' పాటలు నేనూ ఆ బాక్సుల్లో విన్నవే. బాక్సుల్లో ఏ పాటైనా కీచుమంటుంది గనుక ఎప్పుడూ పట్టించుకోలేదు.

"గొంతు వింటే కోడిపిల్ల గుర్తొస్తుంది" అన్నాడు కిరణ్. అందరూ నవ్వారు. "శోభ అక్కడిదే కదా, ఆ డబ్బా ఆమే రాస్తే బాగుంటుంది" అన్నారు ప్రతాప్ గారు.

నాకు ఒళ్లు మండింది. కానీ సరిగా వినకుండా మాట్లాడితే నాకూ కిరణ్‌కూ తేడా ఏముంది? సరే, విన్నాక చెప్తానని ఇంటికొచ్చాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నిజమే, కోడిపిల్ల గొంతే. కానీ మాటలు మామూలువి కావు. దూడ పోయిన బర్రె పాలు చేపకపోతే దాని వీపు నిమురుతూ ఒక ఆడమనిషి పాడుకునే మాటలు. ఇంత బరువైన మాటలను ఇంత తేలిక గొంతుతో పాడడం ఏంటని మళ్లీ విన్నాను. గొంతు వెనక మర్ఫా ఉంది. మర్ఫా అంటే పాతబస్తీలో పెళ్లి బరాత్ అయినా సదర్ అయినా ముందు నడిచే డప్పుల జట్టు. ఆ డప్పు కొడితే కడుపులో తెలియాలి. ఇందులో ఖాళీ పాలక్యాను మీద గరిటెతో కొట్టినట్టుంది.

నాలుగో పాటలో దొరికింది. రెండు చరణాల మధ్య, ఎక్కడో దూరంగా లోకల్ రైలు కూత. యాకుత్‌పురా స్టేషన్ పక్కన ఇల్లు గనుక రికార్డింగులో పడిపోయి ఉంటుంది. ఆ కూత నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఇదేమో తిరునాళ్లలో అమ్మే పీక కూతలా ఉంది. మనిషి గొంతు సన్నగా ఉండొచ్చు. రైలు గొంతు కూడా సన్నబడుతుందా?

అప్పుడు అర్థమైంది. ఎవరో మొత్తం ఆల్బమ్ స్పీడు పెంచారు. పాటను వేగంగా తిప్పితే తాళం ఒక్కటే కాదు, శ్రుతి కూడా పైకెక్కుతుంది. మా పనిలో దీన్ని పిచ్ మారడం అంటాం. యాభై దాటిన మనిషి గొంతు ఐదేళ్ల పిల్ల గొంతైపోతుంది.

మర్నాడే యాకుత్‌పురా వెళ్లాను. సత్తెమ్మ కొట్టంలో కుడితి కలుపుతోంది. మా నాన్న పేరు చెప్పగానే స్టూలు వేసింది. వచ్చిన పని చెప్పగానే మొహం తిప్పేసింది.

"పాటల సంగతైతే లేచి పో బిడ్డా. నేను పాడుడు బంద్ జేసిన."

గొంతు విని నేను కదలలేదు. మందంగా, కొంచెం బొంగురుగా, కింద నుంచి వచ్చే గొంతు. కోడిపిల్ల ఎక్కడా లేదు.

"ఎందుకు బంద్ చేసినవ్ అత్తా?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? పాలు పోయనీకి పోతే గల్లీల పోరగాళ్లు కీచుమని నా పాట పాడుతరు. ఎవలింటికి పోయినా గదే నవ్వు. గది నా గొంతు కాదంటే ఇంటరా? ఫోన్ల ఉన్నది గద, ఫోన్ల ఉన్నదే నిజం. మొన్న మా ఆడిబిడ్డ మనుమరాలికి జోల పాడబోయి ఊకున్న."

జోల కూడా మానుకున్నదన్న మాట విని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే కోపం కూడా వచ్చింది.

చేసినవాడు పరాయివాడు కాదు, ఆమె మేనల్లుడు రాజు. డీజే బాక్సులు అద్దెకిస్తాడు. ఊరేగింపులో దున్నపోతు ముందు ఎగరడానికి మెల్లని పాట పనికిరాదని, మా దగ్గర డీజేలందరూ ప్రతి పాటనూ స్పీడు పెంచి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటారు. అగ్రిగేటర్ అని ఒకరుంటారు. మన పాటలు తీసుకుని అన్ని యాప్‌లకూ చేర్చే మధ్యవర్తి. రాజు అత్త మీద ప్రేమతో ఆల్బమ్‌ను వాళ్లకు పంపాడు, ఆ ఊరేగింపు పెన్‌డ్రైవ్ నుంచే. పిలిపిస్తే వచ్చి, తల గోక్కున్నాడు.

"సదర్ పాటలు గద అక్కా, గా స్పీడే సహీ అనుకున్న. మా చెవులకు గట్లనే అలవాటు."

"అసలుది ఏది?"

"నా దగ్గర లేదు. సలీం భాయ్‌ని అడగాలె."

సలీం భాయ్ ఆ ఆల్బమ్‌కు మర్ఫా కొట్టినాయన. మామూలు రోజుల్లో ఆటో నడుపుతాడు. స్టేషన్ ముందు దొరికాడు. అడగగానే వెలిగిపోయాడు. "అరే, అసల్ పాట నా ఆటోల రోజూ మోగుతది అమ్మా! బైఠో" అని నన్ను ఎక్కించుకుని మీట నొక్కాడు.

నా పద్ధతిలో చివరి మెట్టయిన ఆటోయే ఈసారి మొదటిదైంది. బయట హారన్లు, సలీం భాయ్ తిట్లు, గాజుల దుకాణాల ముందు లొల్లి. వాటన్నింటి మధ్య ఆ గొంతు తొందర లేకుండా నడిచొచ్చింది. డప్పు కడుపులో తగిలింది. నాలుగో పాటలో రైలు కూత నిజం కూతలాగే పడింది, ఆమె ఒక్క క్షణం ఆగి, ఆ కూత అయిపోయాక మళ్లీ అందుకుంది. ఆ ఆగడం విని నేను సీటు అంచుకు జరిగాను. దూడ పోయిన బర్రె పాట తర్వాత చేపిన బర్రె పాట. వరుసకు కారణం ఉంది. ఇది ఆల్బమ్.

"పది రౌండ్లు కొట్టినా నా ప్యాసింజర్లు దిగరు, ఏమనుకున్నవ్?" అన్నాడు సలీం భాయ్.

మళ్లీ సత్తెమ్మ దగ్గరికెళ్లి, దీన్ని మేటి పదిలో పెట్టమని కొట్లాడతానని చెప్పాను. ఆమె చేతులు కడుక్కుంటూ నన్ను తేరిపార చూసింది.

"నన్ను జూసి జాలితోని పెట్టకు. జాలితోని పెడితె తీసెయ్. మంచిగుంటెనే పెట్టు."

సలీం భాయ్ దగ్గర తీసుకున్న అసలు పాటలు ఆఫీసులో వినిపించాను. గదిలో నవ్వు లేదు. కిరణ్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నవ్వులాట డబ్బా అక్కడికక్కడే పోయింది. ప్రతాప్ గారు మాత్రం కుర్చీ వెనక్కి వాల్చారు.

"శోభా, లోకం విన్నది ఆ కీచు పాటనే. మనం విడుదలైనదానికే మార్కులు వేయాలి. ఆటోలో మోగేదానికి కాదు."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే ఇంకా గట్టిగా కొట్లాడాను. "సర్, బిర్యానీ తెచ్చినోడు దారిలో చక్కెర పోస్తే, వండినామెకు మార్కులు తగ్గిస్తారా? రాజు ఇప్పుడు అసలుదాన్ని యాప్‌లకు పంపుతున్నాడు, అది కూడా విడుదలే అవుతుంది. వచ్చింది ఈ పదేళ్లలోనే, పాడింది ఈ పదేళ్లలోనే."

"సరే, వరుస బయట ప్రత్యేక ప్రస్తావన ఇద్దాం. జానపదం కింద."

"బయట ఎందుకు సర్? పెళ్లికి పిలిచి పందిరి బయట విస్తరి వేస్తారా? నా లెక్కలో ఇది మూడోది. మీకు తొమ్మిదో పదో అనిపిస్తే చెప్పండి, వాదించుకుందాం. ఓడిపోతే ఒప్పుకుంటా. కానీ వరుసలో నిలబెట్టి ఓడించండి."

పాట బాగాలేదని ఒక్కరూ అనలేదు, వరుసలోకి రానిద్దామని కూడా ఒక్కరూ అనలేదు. అలాగైతే జ్యూరీ నుంచి నా పేరు తీసేయమన్నాను. ప్రత్యేక ప్రస్తావన కూడా వద్దన్నాను. ప్రతాప్ గారు "తొందరపడుతున్నావు" అన్నారు. "స్పీడు పెంచింది నేను కాదు సర్" అని లేచి వచ్చేశాను. వాళ్ల వరుస నా పేరు లేకుండా, సత్తెమ్మ లేకుండా వచ్చింది. ఆ పత్రిక మళ్లీ నన్ను పిలవలేదు. ఫికర్ పడలేదని అంటే అబద్ధం, ఆ నెల మా నాన్న ముందు తలెత్తి అన్నం తినలేకపోయాను. కానీ నా సొంత పేజీలో నా పది ఆల్బమ్‌ల వరుస పెట్టాను. మూడో చోట 'పాలపొద్దు', కింద కారణాలు, పక్కన అసలు స్పీడు పాటలు. తిట్టినవాళ్లు తిట్టారు. ఒకామె మాత్రం, ఈ పాట వింటూ మా అమ్మ ఏడ్చింది అని రాసింది.

అక్టోబరులో సదర్. సాయంత్రం గల్లీ నిండా జనం, దున్నపోతు కొమ్ములకు నెమలీకలు. రాజు అలవాటు కొద్దీ కీచు పాటే పెట్టాడు. జనం ఎగరడం మొదలుపెట్టారు. సత్తెమ్మ కొత్త చీర కట్టుకుని గడపలో నిలబడి ఉంది. పాట సగంలో ఉండగా గడప దిగి, జనాన్ని చేతులతో నెట్టుకుంటూ బాక్సుల దగ్గరికి వెళ్లింది.

"బంద్ జెయ్ రా!"

"అత్తా, జనం ఎగురుతున్నరు..."

"జనం ఎగురుడు జనం ఇష్టం. గొంతు నాది. బంద్ జెయ్."

రాజు పాట ఆపేశాడు. సత్తెమ్మ మైకు తీసుకుంది. వెనక నుంచి ఎవడో కీచుమన్నాడు. ఆమె అటు తిరిగి చూసింది, అంతే, వాడు మళ్లీ నోరు తెరవలేదు. అప్పుడు పాడింది. తన స్పీడులో. సలీం భాయ్ డప్పు మీద చెయ్యి వేశాడు, జట్టు అందుకుంది. జనం ముందు తికమక పడ్డారు, తర్వాత అడుగు నెమ్మదించుకున్నారు. దున్నపోతు కూడా ఆమె పాటకే నడిచింది. నేను ఏడుస్తూ నవ్వుతూ రాజు పక్కన నిలబడ్డాను.

పండగ అయ్యాక ఆమె ఇంటికి వెళ్లి, నా వరుసలో నువ్వు మూడోదానివి అత్తా అని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"మొదటి రెండు ఎవలయి?" అంది.

చెప్పాను.

"పెట్టు, ఇంట."

పాలగిన్నెలు కడుగుతూ రెండు ఆల్బమ్‌లూ మొత్తం వింది. ఒక్క పాట దాటవేయనివ్వలేదు. చివర్లో చేతులు కొంగుకు తుడుచుకుంది.

"రెండోది మంచిగున్నది. ఆ పిల్ల దమ్ము పట్టి పాడింది, దానికి నేను అడ్డం రాను. గని మొదటిదాని కంటె నేనే నయం. నంబర్ మార్చు."

నేను మార్చలేదు. మొదటిది ఎందుకు మొదటిదో చెప్పాను, ఆమె ఒప్పుకోలేదు, ఒక్కో పాటా పెట్టించి తప్పులు చూపించింది. ఇప్పటికీ పాలు పోసి వెళ్తూ మా ఇంటి ముందు ఆగి, "మార్చినవా?" అని అరుస్తుంది. ఇన్నేళ్ల ఈ పనిలో నాకు తెలిసింది ఇంతే. ఎవరికైనా నంబర్ వేసే ముందు, వాళ్లు పాడిన స్పీడులోనే వినాలి. వేసిన తర్వాత, వాళ్లు వచ్చి కొట్లాడితే తలుపు తెరిచి ఉంచాలి.

"మార్చలే అత్తా!" అని మేడ మీది నుంచి నేనూ అంతే గట్టిగా అరుస్తాను.